జోడు ఇంజనుల విమానము: మన సిమ్యులేటరునకు ఏది తగినది?

గత సంవత్సరము మన పాఠశాల పూర్వవిద్యార్థులు కొందఱు కూడి విజ్ఞానసంఘమునకు ఒక కంప్యూటరును, విమానచోదనమును అనుకరించు సిమ్యులేటరును బహూకరించిన సంగతి మీరందఱు ఎఱిగినదే. సాయంకాలము బడి విడిచిన గంట మ్రోగిన పిదప ఆ గదిముందు బారులు తీర్చు బాలబాలికలను చూచి సంతసింపని ఉపాధ్యాయుడు లేడు. ఒక ఇంజను గల చిన్న విమానమును లేపుట, త్రిప్పుట, దింపుట చాలమందికి అలవడినది. ఇప్పుడు వారి చూపు జోడు ఇంజనుల విమానములపై బడినది. సిమ్యులేటరుతోడనే వచ్చు విమానములు గాక, వెలుపలి నిర్మాతలు ప్రత్యేకముగా తయారుచేసి విక్రయించు అదనపు విమానములు అనేకము కలవు. సంఘము వద్ద మిగిలిన పైకము పెద్దది కాదు. ఏది కొనవలెనను ప్రశ్నపై నెల దినములు వాదములు జరిగినవి. ఒకడు అందమైనది కావలెననెను. ఒకతె వేగము గలది కావలెననెను. వేఱొకడు ధర తక్కువైనది చాలుననెను. తుదకు నన్ను తీర్పు చెప్పుమనిరి. తీర్పు చెప్పుటకు ముందు, తీర్పునకు వచ్చు త్రోవను చూపుట మేలని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆటవస్తువు కాదు

సిమ్యులేటరు వట్టి ఆటవస్తువని పెద్దలలో కొందఱి అభిప్రాయము. దాని పుట్టుక తెలిసినచో అట్లనరు. అమెరికాదేశమున బింగ్‌హాంటన్ పట్టణములో ఎడ్విన్ లింక్ అను నతని తండ్రి ఆర్గను వాద్యములను నిర్మించు కర్మాగారము నడపుచుండెను. ఆ వాద్యములలోని తిత్తులను, గాలిపంపులను ఉపయోగించి లింక్ 1929లో ఒక యంత్రమును చేసెను. నేలమీదనే యుండి, విమానమువలె వంగుచు తిరుగుచు కదలు పెట్టె యది. మొదట దానిని వినోదశాలలవారే కొనిరి. 1934లో సైనిక వైమానికులు తపాలా మోయుటకు పూనుకొని, మబ్బులలోను మంచులోను దారి గానక పలువురు మృతినొందిరి. అంతట ఆ దేశసైన్యము మేల్కొని 6 లింక్ యంత్రములను కొనెను. నాటినుండి నేటివఱకు నేలపై తప్పులు చేసి నేర్చుకొన్నవాడు ఆకాశమున తప్పులు తక్కువగా చేయునను సూత్రమే ఈ విద్యకు మూలము.

ఇంటి కంప్యూటరులోనికి ఈ విద్యను తెచ్చినవారిలో బ్రూస్ ఆర్ట్‌విక్ ముఖ్యుడు. ఆయన ప్రోగ్రామును మైక్రోసాఫ్టు సంస్థ 1982లో వెలువరించెను. 2020లోను, 2024లోను వెలువడిన సిమ్యులేటరులు ఆ వంశములోనివే. ఆస్టిన్ మేయర్ ఆరంభించిన ఎక్స్‌ప్లేన్ వేఱొక వంశము. ఒక వంశమునకు చేసిన విమానము మఱియొక వంశములో ఎగురదు. ఒకే వంశములోనైనను, పాత సంచికకు చేసినది కొత్త సంచికలో చక్కగా పనిచేయునను నమ్మకము లేదు. కొన్ని అదనపు విమానములు సిమ్యులేటరుయొక్క ఖరీదైన సంచికలో మాత్రమే వచ్చు వేఱొక విమానముపై ఆధారపడియుండును. కావున విక్రయపత్రమును తుదివఱకు చదువక పైకము చెల్లింపరాదు. ఇంకొక సంగతి. మన గదిలో గడపిన గంటలు వైమానికుని లైసెన్సునకు లెక్కకు రావు. మనకు దక్కునది అభ్యాసము మాత్రమే. ఆ అభ్యాసము సరియైనదా, తప్పుడుదా అనునదే ఇచ్చట విచారణీయము.

జోడెడ్ల బండి

సెలవులకు తాతగారి ఊరికి పోయిన మీలో కొందఱు జోడెడ్ల బండిని చూచియుందురు. రెండెడ్లు సమముగా లాగునంతవఱకు బండి తిన్నగా పోవును. దారిలో ఎడమయెద్దు కూలబడినదనుకొనుడు. కుడియెద్దు ఇంకను లాగుచునే యుండును. అంతట బండి తిన్నగా పోక ఎడమకు తిరుగును. అంతటితో ఆగదు. కూలిన ఎద్దు కాడిలోనే చిక్కి బండిని వెనుకకు పట్టును. తోలువాడు మూడు పనులు చేయవలెను. బండి తిరుగకుండ పగ్గము బిగబట్టవలెను. కూలిన ఎద్దును కాడినుండి విప్పవలెను. మిగిలిన ఎద్దు బలమునకు మించి ఆశపడక మెల్లగా పోవలెను.

జోడు ఇంజనుల విమానమున జరుగునది సరిగా ఇదియే. ఎడమ ఇంజను ఆగినచో విమానపు ముక్కు ఎడమకు తిరుగును. వెంటనే ఎడమరెక్క క్రిందికి వ్రాలును. దీనిని ఆపు పగ్గము చుక్కాని. అది తోకయందుండును, కాళ్లక్రింది పెడళ్లతో నడచును. ఎడమ ఇంజను ఆగినపుడు కుడి పెడలును బలముగా త్రొక్కవలెను. ఇక ఆగిన ఇంజనుయొక్క ప్రొపెల్లరు ఎదురుగాలికి గిరగిర తిరుగుచు విమానమును వెనుకకు పట్టును. ప్రొపెల్లరు ఱేకులను గాలికి అంచు చూపునట్లు త్రిప్పినచో ఆ పట్టు విడిపోవును. దీనిని ఫెదరు చేయుట యందురు. ఇది కాడి విప్పుట వంటిది.

చుక్కానికి బలము గాలివలన వచ్చును. వేగము తగ్గినకొలది ఆ బలము తగ్గును. ఒక వేగమునకు దిగువన, పెడలును అడుగంట త్రొక్కినను ముక్కు నిలువదు, విమానము దొర్లిపోవును. ఆ హద్దును వేగమాపకముపై ఎఱ్ఱగీతతో చూపుదురు. ఒక ఇంజనుతోనే ఎక్కువ చొప్పున పైకెక్కుటకు తగిన వేగమును నీలిగీతతో చూపుదురు. బీచ్‌క్రాఫ్టు బేరన్ 58 అను విమానమున ఎఱ్ఱగీత 84 నాట్లు, నీలిగీత సుమారు 100 నాట్లు. నాటు అనగా గంటకొక సముద్రపు మైలు. ఆ రెండు గీతల నడుమ నున్న సందు ఎంత యిఱుకో చూడుడు.

రెండు ఇంజనులలో ఏది ఆగినను ఒకటే యని తలపరాదు. రెండు ప్రొపెల్లర్లును కుడిచేతివాటముగా తిరుగు విమానములలో, ముక్కు పైకెత్తి యుండగా, క్రిందికి దిగు ఱేకు ఎక్కువగా లాగును. ఎడమ ఇంజనున ఆ ఱేకు విమానదేహమునకు చేరువగా నుండును. కుడి ఇంజనున దూరముగా నుండును. దూరమున లాగునది ఎక్కువగా త్రిప్పును. కావున ఎడమ ఇంజను ఆగి, కుడిది మిగులుటయే ఎక్కువ కష్టము. కొన్ని విమానములలో రెండు ప్రొపెల్లర్లను ఎదురెదురు దిక్కులకు తిరుగునట్లు చేసి ఈ భేదమును తొలగించిరి.

సగము పోయిన మిగులునది సగము కాదు

రెండింటిలో ఒక ఇంజను పోయిన సగము శక్తి పోవునని, పైకెక్కు చొప్పు కూడ సగమే తగ్గునని పిల్లలు తలతురు. ఇది గణితమున పెద్ద పొరపాటు. ఒక్కొక్కటి 300 అశ్వశక్తుల ఇంజనులు రెండు గల విమానము ననుకొందము. మొత్తము 600. ఆ విమానము ఎక్కక దిగక సమముగా పోవుటకు 250 కావలెననుకొందము. మిగిలిన 350 పైకెక్కుటకు వినియోగపడును. ఒక ఇంజను పోయినచో ఉన్నది 300. సమముగా పోవుటకే 250 వ్యయమగును. పైకెక్కుటకు మిగులునది 50. అనగా ఏడింట ఒక వంతు. సగము శక్తి పోయిన, ఎక్కు బలములో ఏడింట ఆఱు వంతులు పోయినవి. ఇది లెక్కకై చెప్పిన ఉదాహరణమే. కాని నిజము దీనికి దూరము కాదు. సముద్రమట్టమున బేరన్ 58 రెండు ఇంజనులతో నిమిషమునకు సుమారు 1,700 అడుగులు ఎక్కును. ఒక్క ఇంజనుతో ఎక్కునది 400 అడుగుల లోపే.

ఇప్పుడు మన ఊరి సంగతి చూతము. చెన్నపట్టణము సముద్రమట్టముననే యున్నది. మన బెంగుళూరు విమానాశ్రయము సుమారు 3,000 అడుగుల ఎత్తున నున్నది. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై, సామాన్యపు ఇంజను ప్రతి వేయి అడుగులకు నూటికి సుమారు 3 వంతుల శక్తిని కోల్పోవును. మన 300 అశ్వశక్తులు ఇచ్చట 273 అగును. సమగమనమునకు 250 పోగా మిగులునది 23. వేసవి మధ్యాహ్నపు వేడిమి దానిని ఇంకను తగ్గించును. చెన్నపట్టణమున బ్రదికించిన విమానమే బెంగుళూరున బ్రదికింపలేకపోవచ్చును. పీఠభూమిపై నివసించు మనకు ఈ లెక్క తప్పక తెలియవలెను.

నా పొరపాటు

ఇంతకు ఈ విషయమున నాకింత పట్టుదల యేలనని మీరడుగవచ్చును. మా అన్నగారి కుమారుడు వైమానికుడు కాగోరి, శిక్షణాలయమున చేరుటకు ముందు రెండేండ్లు మా యింటి సిమ్యులేటరుపై అభ్యసించెను. వానికై నేను కొన్న జోడు ఇంజనుల విమానము చూచుటకు ఎంతో ముద్దుగా నుండెను. తోలుకుర్చీల కుట్లు సైతము కనబడుచుండెను. కాని ఒక ఇంజనును ఆపినను అది ఏమియు ఎఱుగనట్లు తిన్నగా పోయెడిది. మేమిరువురము దానిని వాని నేర్పని భ్రమపడితిమి. శిక్షణాలయమునుండి వాడు వ్రాసిన ఉత్తరములో కొన్ని మాటలు నాకింకను కంఠస్థముగా నున్నవి: "చిన్నాన్నగారూ, ఈ రోజు మా శిక్షకులు ఒక ఇంజను శక్తిని తగ్గించి, ఏం చేస్తావో చెయ్యి అన్నారు. నా కాళ్లు కదలలేదు. ఇంట్లో విమానం దానంతట అదే తిన్నగా పోయేది కదా, అలాగే పోతుందని చూస్తూ కూర్చున్నాను. ఆయనే పట్టుకొని సరిచేశారు. మరొకసారి ఇలా కూర్చుంటే పక్కన నేనుండను అన్నారు."

ఆ ఉత్తరము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వానిది కాదు. పరీక్షింపక కొని యిచ్చిన నాది. మఱునాడు సిమ్యులేటరులోని ఏర్పాటులను ఒక్కొక్కటిగా చూచితిని. కొత్తవారికి సాయముగా చుక్కానిని తానే నడపు ఏర్పాటొకటి అందుండెను. దానిని నేను ఎన్నడును తీసివేసి చూడలేదు. తీసివేసి, నా వద్దనున్న రెండు విమానములను మరల పరీక్షించితిని. మొరటుదని మేము మూలకు నెట్టిన విమానము సత్యముగా ముక్కు త్రిప్పెను. ముద్దులవిమానము మాత్రము అప్పుడును తిన్నగానే పోయెను. నాటినుండి పరీక్షింపని విమానమును ఎవరికిని కొనుమని చెప్పుటలేదు.

ఇట్టి అలవాటు నిజవిమానమున ఎంతకు తెచ్చునో లోకమెఱుగును. 2015 ఫిబ్రవరి 4వ తేదీన తైపే నగరమున ట్రాన్స్‌ఏషియా సంస్థవారి ఏటీఆర్ 72 విమానము లేచిన కొలదిసేపటికే ఒక ఇంజను శక్తి నుడిగెను. ఆ తొందరలో చక్కగా పనిచేయుచున్న రెండవ ఇంజనును వైమానికుడు ఆపివేసెను. విమానము నదిలో కూలి, అందున్న 58 మందిలో 43 మంది మరణించిరి. మన నగరమునకు చేరువనున్న బిడది యొద్ద 2009 మార్చి 6వ తేదీన సారస్ అను స్వదేశీయ జోడు ఇంజనుల నమూనావిమానము, ఒక ఇంజనును గాలిలో ఆపి మరల నడిపించు పరీక్షలో కూలెను. వైమానికదళమునకు చెందిన ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఇంజను ఆగుట, దానిని ఆపుట, మరల నడిపించుట అను పనులు ఆరితేరినవారికి సైతము ప్రాణసంకటములే.

పోటీలోని విమానములు

మన పిల్లలు పేర్కొన్న విమానములను ఒకటొకటిగా విచారింతము.

డైమండ్ డి.ఎ. 62 ఆస్ట్రియాదేశపు విమానము. ఒక్కొక్కటి 180 అశ్వశక్తుల డీసెలు తరగతి ఇంజనులు రెండు. జెట్ విమానములు కాల్చు ఇంధనమునే కాల్చును. ఒక్కొక్క ఇంజనునకు ఒక్కటే మీట. ప్రొపెల్లరు ఱేకుల కోణమును, ఇంధనపు పాళ్లను కంప్యూటరే సరిచూచుకొనును. ఇంజనుయొక్క ప్రధానమైన స్విచ్చిని ఆపినచో ప్రొపెల్లరు తానే ఫెదరగును. మన సిమ్యులేటరగు 2020 సంచికలో ఇది కొనకయే లభించుచున్నది.

దీని అన్నగారు డి.ఎ. 42. ఇది 2002 డిసెంబరులో తొలుత ఎగిరెను. మన దేశమున ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ మొదలుగాగల శిక్షణాలయములలో జోడు ఇంజనుల పాఠము దీనిపై జరుగుచున్నది. కౌస్ అను నిర్మాతలు దీనిని 2023లో 2020 సిమ్యులేటరునకు చేసిరి. సులభమైన మీటల వెనుక ఒక పాఠమున్నది. 2007లో జర్మనీలోని స్పేయర్ వద్ద, బ్యాటరీ ఉడిగిన డి.ఎ. 42 నొకదానిని వెలుపలి విద్యుత్తుతో నడిపించి లేపిరి. చక్రములను లోనికి ముడుచుకొన్నంతనే విద్యుత్తు క్షణకాలము తగ్గి, రెండు ఇంజనుల కంప్యూటరులును ఒకేసారి తడబడి, రెండు ప్రొపెల్లర్లును ఆగెను. ఇంజనులు రెండైనను, రెంటికిని ప్రాణాధారము ఒక్కటైనచో రెండున్నట్లు కాదు. తరువాతి కాలమున ఈ లోపమును సవరించిరి.

బేరన్ 58 పాతకాలపు పెద్దమనిషి వంటిది. 300 అశ్వశక్తుల ఇంజనులు రెండు. మీటలు ఆఱు: శక్తికి రెండు, ప్రొపెల్లర్లకు రెండు, ఇంధనపు పాళ్లకు రెండు. అన్నియు చోదకుని చేతిలోనివే. బ్లాక్ స్క్వేర్ అను నిర్మాతలు 2022లో దీనిని ముండ్ల గడియారములవంటి పాత మాపకములతో చేసిరి. దానియందు ఫ్యూజులవంటి చిన్న స్విచ్చులు సైతము ఒక్కొక్కటిగా పనిచేయును. ఒక హెచ్చరిక: 1984కు ముందటి నిజమైన బేరన్‌లలో శక్తిమీటలు నడుమను, ప్రొపెల్లరు మీటలు ఎడమను ఉండెడివి. బల్లపై నున్న మీటల వరుసయు, తెఱపై నున్న మీటల వరుసయు ఒక్కటేనా యని చూచుకొనవలెను.

సెస్నా 310 మొదట ఎగిరినది 1953లో. దాని కడపటి రూపమగు 310 ఆర్‌లో 285 అశ్వశక్తుల ఇంజనులు రెండు కలవు. ప్రధానమైన ఇంధనపు తొట్లు రెక్కల కొనలయందుండును. మిల్‌విజ్ అను నిర్మాతలు దీనిని 2022లో చేసిరి. ఇంజనుల అరుగుదల కూడ అందు లెక్కింపబడును. నేడు మొరటుగా నడిపినచో రేపు దాని ఫలమును అనుభవింపవలెను. ఇందలి ఇంధనపు ఏర్పాటు మంచి పాఠము. ఇంజను వాడగా మిగిలిన ఇంధనము, ఏ తొట్టినుండి తీసినదైనను, ప్రధానమైన తొట్టిలోనికే తిరిగివచ్చును. ప్రధానమైన తొట్టి నిండుగా నుండగా రెండవ తొట్టినుండి తీయ మొదలిడినచో, తిరిగివచ్చు ఇంధనము చోటు చాలక వెలుపలికి పోవును. ముందు ప్రధానమైన తొట్టిని కొంత వెలితి చేయవలెను. నీళ్లతొట్టిలెక్కలు విసువని పలుకు ఎనిమిదవ తరగతివారు దీనిని చేసి చూడవలెను.

పైపర్ సెనెకా ఎదురెదురుగా తిరుగు ప్రొపెల్లర్లు గలది. ఏ ఇంజను ఆగినను కష్టము సమానము. దాని ఐదవ రూపమున 220 అశ్వశక్తుల ఇంజనులు రెండు. వీనికి గాలిని కుదించి యిచ్చు టర్బో ఏర్పాటుండుటచే బెంగుళూరు ఎత్తున శక్తి తగ్గదు. కరెనాడో అను నిర్మాతలు దీనిని చేసిరి. పీఠభూమి పాఠమునకు ఇది మంచి ఉదాహరణము.

బోయింగ్ 737, ఎయిర్‌బస్ 320 కావలెననువారును కలరు. అవియు జోడు ఇంజనులవే. 2022లో పి.ఎం.డి.జి., ఫెనిక్స్ అను నిర్మాతలు చేసినవి చాల వాసికెక్కినవి; ఫ్లైబైవైర్ వారి ఎయిర్‌బస్ ఉచితముగా దొరకును. కాని వానిలో కంప్యూటరుల పని ఎక్కువ. అక్షరములు దిద్దువాడు ప్రబంధమునకు పూనుకొనరాదు. వానిని పై తరగతులకు విడుతము.

పరీక్షించు విధము

విమానము సత్యముగా ప్రవర్తించునో లేదో తెలిసికొనుటకు నేను ఐదు పరీక్షలు పెట్టుకొన్నాను. సాయపు ఏర్పాటులన్నియు తీసివేసి, గాలి లేని వాతావరణము నెన్నుకొని, నేలకు 5,000 అడుగుల ఎత్తున వీనిని చేయవలెను. ఇవి సిమ్యులేటరునకే, నిజవిమానమున శిక్షకుడు లేక వీనిని తలపెట్టరాదు.

మొదటిది: ఒక ఇంజను మీటను పూర్తిగా వెనుకకు లాగి, పెడళ్లను తాకకుండుడు. ముక్కు ఆ వైపునకు తిరిగి, రెక్క వ్రాలవలెను. తిరుగనిచో ఆ విమానమును అంతటితో వదలుడు.

రెండవది: ఆగిన ప్రొపెల్లరు గాలికి తిరుగుచుండగా, నీలిగీత వేగమున, ఎక్కు చొప్పును వ్రాసికొనుడు. తరువాత ఫెదరు చేసి మరల వ్రాసికొనుడు. కాడి విప్పిన భేదము స్పష్టముగా కనబడవలెను.

మూడవది: ఒక ఇంజను ఆగి, రెండవది పూర్తిశక్తితో నుండగా, వేగమును మెల్లమెల్లగా తగ్గించుడు. ఎఱ్ఱగీత చేరువకు వచ్చుసరికి పెడలు చాలక ముక్కు జాఱవలెను. జాఱినంతనే శక్తి తగ్గించి, ముక్కు దించి, వేగము పుంజుకొనుట నేర్వవలెను.

నాలుగవది: ఎడమ ఇంజనును ఆపి ఒకసారి, కుడిదానిని ఆపి ఒకసారి పై పరీక్ష చేసి పోల్చుడు. బేరన్‌లో భేదముండవలెను. సెనెకాలో ఉండరాదు.

ఐదవది: చెన్నపట్టణమున ఒకసారి, బెంగుళూరున ఒకసారి లేచి, ఒకే బరువుతో, ఒక్క ఇంజనుతో ఎక్కు చొప్పును పోల్చుడు. సామాన్యపు ఇంజను విమానము బెంగుళూరున ఆయాసపడవలెను. రెండు చోట్లను ఒకే తీరుగా ఎక్కినచో అందలి గాలి కాగితపు గాలి.

ఈ పరీక్షలు చేయునపుడు తైపే పాఠమును మఱవకుడు. ఏ ఇంజను ఆగినదో కంటికి తెలియకపోవచ్చును, కాలికి తెలియును. ముక్కును తిన్నగా నిలుపుటకు ఏ కాలు త్రొక్కక ఊరకున్నదో, ఆ వైపు ఇంజనే ఆగినది. అంతటితోను నమ్మక, ఆ ఇంజను మీటను మెల్లగా వెనుకకు లాగి చూడవలెను. మార్పేమియు లేనిచో మన ఊహ సరి. అప్పుడే దానిని ఫెదరు చేయవలెను. తొందర పనికిరాదు.

తీర్పు

వైమానికశిక్షణకు పోదలచినవారికి డి.ఎ. 42 తగినది. రేపు తాకబోవు మీటలనే నేడు తాకుదురు. ఇంజను, ప్రొపెల్లరు, ఇంధనము అను మూటి సంబంధమును ఎఱుగగోరువారికి ఆఱు మీటల విమానమే గురువు. బేరన్, సెస్నా 310 రెండును మంచివే. అందు అరుగుదలయు, ఇంధనపు లెక్కయు నేర్పుటచే నా మనస్సు 310 వైపు మొగ్గుచున్నది. పీఠభూమి పాఠమునకు సెనెకా. అందమునకు మాత్రమే విమానమును కొనదలచువారికి నా సలహా ఒక పటమును కొని గోడకు తగిలించుకొనుడని.

కాని మన సంఘమునకు నేను చెప్పు తీర్పు వేఱు. ఈ సంవత్సరము ఏ విమానమును కొనవలదు. మన గదిలో చేతిమీట కలదు గాని పెడళ్లు లేవు. మీరందఱు ఇంతవఱకు చుక్కానిని సాయపు ఏర్పాటునకే అప్పగించి ఎగురుచున్నారు. పెడళ్లు లేనివానికి ఎంత సత్యమైన విమానమును ఇచ్చినను, మా అన్నగారి కుమారునికి నేను చేసిన అపకారమే మరల చేసినట్లగును. కావున ఉన్న పైకముతో పెడళ్లను కొందము. ఉచితముగా ఉన్న డి.ఎ. 62పై ఐదు పరీక్షలును చేసి, ఫలితములను సంఘపు పుస్తకమున వ్రాయుదము. వచ్చు సంవత్సరము 310 ఆర్‌ను కొందము. అప్పటికి దానిని పరీక్షింపగల చేతులు, కాళ్లు మనకుండును.

మా అన్నగారి కుమారుడు తరువాతి నెలలలో ఆ పాఠమును నేర్చి, పరీక్షలో కృతార్థుడయ్యెను. ఇంట పట్టుబడిన తప్పుడు అలవాటును మఱచుటకు, సరియైనది నేర్చుటకంటె ఎక్కువ గంటలు పట్టెనని వాడే చెప్పెను. ఆ గంటల రుసుమును చెల్లించినవాడు మా అన్నగారు. విద్యార్థులారా, మీ తలిదండ్రులలో అట్టి రుసుమును చెల్లింపగలవారు ఎందఱు? పెడళ్లు వచ్చిన పిదప మొదటి శనివారము సాయంకాలము గదికి రండు. ఎడమ ఇంజనును నేను ఆపెదను. మీ కుడికాలు ఏమి చేయునో చూతము.